నేను కడిగేసిన లొట్టి

జనవరి 9
ఇవాళ కూడా గోడవైపే తిరిగి పడుకున్నాడు మల్లేశం. నా కొడుకు తాటిచెట్టు మీదనుంచి పడి ఏడాది దాటింది. నడుము విరిగింది, ప్రాణం దక్కింది. మాట మాత్రం... నోరు బాగానే ఉంది, మాట్లాడడు. పెండ్లాం రజిత అన్నం పెడితే "ఊ" అంటాడు. అంతే.

జనవరి 13
సిద్దిపేట దవాఖాన. కసరత్తు చేయించే మేడమ్ నన్ను పక్కకు పిలిచింది. "కాళ్ల సంగతి నేను జూస్త. చేతులకు నువ్వు పని వెట్టు పెద్దాయనా. ఊకె పండుకుంటే మనసు పాడైతది." ఏం పని? కల్లు గీసుడు తప్ప మాకేం వచ్చు? బస్సులో గుర్తొచ్చింది — మల్లేశం బడిలో పలక మీద లెక్కలకు బదులు కోళ్లు గీసేవాడు!

జనవరి 17
అటక మీది, కల్లు పట్టే పాత మట్టి లొట్టి దించి వాడి ముందు పెట్టాను. తాటిమట్ట కొస నలగ్గొట్టి కుంచె చేశాను, గోడ సున్నానికి చేసినట్టే. రంగులు — సున్నం, బొగ్గు, కొమురవెల్లి మల్లన్న గుడి నుంచి తెచ్చిన పసుపు బండారి.
"దేవునిది మామా!" అంది రజిత.
"మల్లన్న ఏమనడు బిడ్డా. ఆయన పేరు వెట్టుకున్నోడే గద."
వాడు అటు చూడనే లేదు.

జనవరి 18
కుంచె తడిగా ఉంది!

జనవరి 25
లొట్టి మీద పసుపుపచ్చటి కోడి. వెనక పిల్లలు. ఒక పిల్ల తల్లి వీపెక్కింది. ఎంత ముద్దుగా ఉందో! మెచ్చుకుంటే ఆపేస్తాడేమోనని ఇంటి వెనక్కి పోయి ఒక్కణ్ణే నవ్వాను.

ఫిబ్రవరి 2
అయ్యో, నా చేతులు పడిపోను! నేను చెట్టెక్కడం మానేసినా, పొద్దున్నే లొట్లు కడిగే అలవాటు చేతుల్ని వదల్లేదు. ఊరికే కూర్చోలేక దోస్తు ఎల్లాగౌడు లొట్లు మా వాకిట్లో కడుగుతాను. రంగు ఆరాలని వాకిట్లో పెట్టిన మల్లేశం లొట్టీ వాటిలో కలిసింది. నీళ్లు పసుపుపచ్చగా పారాక గాని నాకు తెలివి రాలేదు.
లోపల్నుంచి కేక. "బాపూ! గది నా లొట్టి! కండ్లు కనవడ్తలేవా? పదిహేను దినాల సంది గీస్తున్న! ఏది దొరికితే అది కడుగుడేనా?"
తిట్టాడు! నా కొడుకు నన్ను తిట్టాడు!
రజిత గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "తిడుతుంటే నవ్వుతవేంది మామా" అంటూ తను ఏడ్చింది.
"ఇంకో నాలుగు తిట్టు బిడ్డా" అన్నాను. తిట్టాడు.

ఫిబ్రవరి 3
అడిగి అన్నం పెట్టించుకున్నాడు. పప్పులో కారం తక్కువైందట. మల్లన్నా, నీకెన్ని దండాలు పెట్టను!

ఫిబ్రవరి 11
సిద్దిపేట పోయి, కడిగినా పోని రంగులు తెచ్చాను. కుంచెలు కూడా. "మనుమనికా?" అన్నాడు దుకాణమాయన. "కాదు, మా కొడుక్కు!" — బజారంతా వినిపించేలా అన్నాను.
కొన్న కుంచెలు పక్కన పెట్టి, మల్లేశం నా తాటికుంచే అడిగాడు.

ఫిబ్రవరి 20
తనంతట తనే బయటికి తీసుకుపొమ్మన్నాడు. చక్రాల కుర్చీలో, ఎండలో, ఒళ్లో లొట్టి. ఎల్లాగౌడు వచ్చాడు. "అరె మల్లిగా, నా లొట్లకు గూడ కోళ్లు గియ్యి రా. కల్లు మస్తుగ అమ్ముడువోతది."
"నీ కల్లు వాసనకే కోళ్లు గిట్ల కిందవడ్తయ్ కాకా."
కింద పడడం అనే మాట... వాడి నోట! ఎల్లాగౌడు నా వంక చూశాడు. వాడే ముందు నవ్వాడు.

ఫిబ్రవరి 27
పెద్ద లొట్టి మీద తాటిచెట్టు మొదలుపెట్టాడు. మొద్దు గీశాడు, మట్టలు గీశాడు. నడుముకు కట్టి చెట్టెక్కే మోకు కూడా గీశాడు, చెట్టు చుట్టూ. మోకులో మనిషి లేడు.
"ఎవలెక్కుతరు బిడ్డా?"
"ఇంకా అనుకోలే బాపు."

మార్చి 1
"బాపు, గా చెట్టు కాడికి తోల్కపో. కొస ఎట్లుంటదో యాదికొస్తలేదు. చూసి గియ్యాలె."
వాడు పడిన చెట్టు. రజిత వద్దంటోంది — "దాన్ని జూసి మళ్ల మంచం వడితే?" నాకూ అదే భయం. వద్దని చెప్పడానికే పోయాను. కుంచె కడిగి, తుడిచి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.
చక్రాలకు గాలి కొట్టాను. గట్టు దాకా కుర్చీ పోతుంది. అక్కణ్ణుంచి మోయాలి, ఎల్లాగౌడు ఒక పక్క, నేనొక పక్క.
రజిత చెప్పులేసుకుంటోంది. తనూ వస్తుందట.
వాకిట్లోంచి వాడు — "బాపూ, ఎండ ముదురుతది, రా..."