ఉప్పు పడిన పూర్ణం

అమ్మకు, అరిమాత్సు నుంచి నత్సునో. నేను కులాసా. చేతులు మాత్రం మోచేతుల దాకా నీలం.

నాకు ముడుల అద్దకం నేర్పేది మిత్సుయే గారు; ఆవిడ భర్త గెంజో గారి దగ్గర మిఠాయిలు చేయడం కూడా నేర్చుకుంటున్నాను. నిన్న ఎర్ర చిక్కుడు గింజల పూర్ణంలో చక్కెర అనుకుని గిన్నెడు ఉప్పు పోశాను. ఆయన రుచి చూసి, "భలే కుదిరిందే పిల్లా!" అన్నారు. నేను నోట్లో పెట్టుకుని ఉమ్మేశాను. "ఉప్పండీ!" అని అరిచాను. ఆయన ముఖం పాలిపోయింది.

మిత్సుయే గారు పరుగున వచ్చారు. "ఆయన నాలుకకు రెండేళ్లుగా రుచి లేదమ్మా. రోజూ నేనే చాటుగా చూసి సరిచేస్తున్నా. ఇవాళ ఆలస్యమైంది."

గెంజో గారు ఆవిడ వైపు తిరిగారు. "నేను దాచిన సంగతి నీకు తెలుసా?"

"నలభై ఏళ్ల కాపురమయ్యా, తెలీకుండా ఉంటుందా?"

"అయితే చాటుగా ఎందుకు? నా పక్కనే నిలబడి చూడు," అన్నారాయన, కళ్లు తుడుచుకుంటూ.

ఇకనుంచి ఆవిడ వంటింట్లో ఉంటే అద్దకం తొట్టెలు నేనే చూడాలి. చలికాలం దాకా రాలేను, కోప్పడకు. మందపాటి మేజోళ్లు పంపు. నాన్న మోకాలు ఎలా ఉంది? పిన్నికి నమస్కారాలు. నువ్వు మాకు చెప్పకుండా ఓర్చుకుంటున్న బాధ ఏదైనా ఉంటే, జవాబులో దాచకుండా రాయి.