మస్తాన్ ఏమవుతాడు

మార్కాపురం,
11-9-2023, సోమవారం.

చిరంజీవి మస్తాన్‌కు,

అక్క సుబ్బరత్నమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం వాడుక కాబట్టి నేనూ రాస్తున్నాను. హైదరాబాదులో నువ్వు, రజియా బేగం, పాప బాగున్నారని తలుస్తాను. గోడౌనులో మూటలు మోసే పని అన్నావు. నడుం జాగ్రత్త.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నాలుగుసార్లు నీ నంబరు నొక్కి, రింగు పోకముందే ఆపేశాను. కొన్ని మాటలు నోటికి రావు, చేతికైనా వస్తాయేమోనని కూర్చున్నాను.

ముందు ఊరి సంగతులు. మోటారు సైకిళ్ల మీద కిరాయికి మనుషుల్ని ఎక్కించుకోకూడదన్న ఆర్డరు వచ్చి మూడు నెలలు దాటింది. అది ఊరికే రాలేదని నాకూ తెలుసు. దోర్నాల రోడ్డులో ఎవడో ఒకే బండి మీద ఇద్దరిని ఎక్కించుకుని పోయి పడేస్తే, పాపం ఆ ఆడమనిషి ఇంకా కర్ర పట్టుకునే నడుస్తోంది. కానీ ఒకడు పడేశాడని అందరి బండ్లూ ఆపేస్తే పొద్దున్నే పనులకు పోయేవాళ్ల గతేమిటి? షేర్ ఆటో నిండితే గానీ కదలదు. దయామణి టీచరు అందులో ఒక్కతే కూర్చుని గడియారం చూసుకుంటూ ఉంటుంది, ఈలోగా కొనకనమిట్ల బస్సు వెళ్లిపోతుంది. సందు మలుపులో మన దుకాణం గోడకు మీ బండ్లవాళ్ల పలక అలాగే వేలాడుతోంది. ఎవరికి ఎన్నింటికి బండి కావాలో ముందురోజు దాని మీద రాసిపోయేవాళ్లు కదా, ఇప్పుడు మీ బావ దాని మీద పప్పుల ధరలు రాస్తున్నారు.

ఆరింటికల్లా ఆసుపత్రిలో లేకపోతే నా డయాలసిస్ బెడ్డు ఇంకొకరికి పోతుంది. నువ్వు వెళ్లాక రెండుసార్లు అలా పోయింది. కాళ్లు వాచి, ఊపిరాడక మీ బావను చాలా కంగారు పెట్టాను.

ఆర్డరు వచ్చిన కొత్తలో సంగతులు గుర్తున్నాయా? పోలీసులు ఆపితే వెనక కూర్చున్నవాళ్లు వరుసలు చెప్పేవారు. మా బావ అని ఒకరు, మా చిన్నాన్న అని ఒకరు. మనం ఎటూ అందరినీ వరుస పెట్టే పిలుచుకుంటాం కాబట్టి తడుముకోవలసిన పనే లేదు. యేసుబాబు బండెక్కిన హలీమాబీ, వీడు నా కొడుకు సార్ అందట. కానిస్టేబులు వాడి మెడలో శిలువ చూసి, నవ్వి వదిలేశాడట. నెల రోజులు ఊరంతా ఒక్క ఇల్లయిపోయింది.

జూలైలో మనల్ని ఆపారు. నీ బండి పట్టుకుపోయారు. ఆ రాత్రి నువ్వు ఫోనులో, అక్కా, నువ్వు తమ్ముడని చెప్పినాక గూడా బండి తీసకపోయినారంటే ముందే ఎవరో చెప్పినారు, పొద్దున నాతో కొట్లాడింది ఆటో కరుణాకరం ఒక్కడే గదా అన్నావు. నేను ఊఁ అన్నాను. అంతే అన్నాను.

ఆ మాట నువ్వు యేసుబాబుతో అన్నావు, యేసుబాబు బస్టాండులో అన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదని ఊరు నమ్మింది. ఇప్పుడు కరుణాకరం ఆటో ఎవరూ ఎక్కడం లేదు. స్టాండులో వరుసలో ముందున్నా, జనం అతన్ని దాటిపోయి వెనకాటోలో కూర్చుంటున్నారు. అతను మాత్రం నా సంగతి విని, మంగళవారం, శుక్రవారం ఐదున్నరకల్లా దుకాణం ముందు ఆటో ఆపుతాడు. నిండేదాకా చూడడు, నన్నొక్కదాన్నే తీసుకుపోతాడు. మొన్న దారిలో తనే అన్నాడు, మస్తాన్ గాడు నన్ను అట్ల అనుకున్నాడేంది అక్కా, చిన్నప్పట్నుంచి ఒక్క పళ్లెంలో తిన్నోళ్లం అని. వచ్చే సోమవారం పామూరు నుంచి ఎవరో ఆటో చూసుకోవడానికి వస్తున్నారు. అమ్మేసి ఊరు విడిచి పోతాడట.

నాయనా, అతను చెప్పలేదు. నా మాట మీద నమ్మకముంచి, సోమవారం లోపల యేసుబాబుకు ఫోను చేసి ఆ మాట వెనక్కి తీసుకో. ఎవరు చెప్పారో ఆ దేవుడికే తెలియాలి.

పాపకు ముద్దులు.

ఇట్లు,
మీ అక్క
సుబ్బరత్నమ్మ

తా.క.: ఈ రోజు మంగళవారం. నిన్న కవరు అంటించలేకపోయాను. ఎవరు చెప్పారో దేవుడికే కాదు, నాకూ తెలుసు.

ఆ రోజు నిన్ను రోడ్డుకు అవతల నిలబెట్టి, నన్ను బట్టల దుకాణం మెట్ల దగ్గర ఎస్సై గారు అడిగారు. వాడు మస్తాన్, నువ్వు సుబ్బరత్నమ్మవి, తమ్ముడెట్ల అవుతాడమ్మా అని. ఆయన గద్దించలేదు, భయపెట్టలేదు. మెట్టు మీద మా వియ్యంకుడు రంగనాయకులు గారు నిలబడి ఉన్నారు. రంగనాయకులు గారి మొహంలో చిన్న నవ్వు కనిపించింది. నాకు సిగ్గేసింది. ఎవరో కిరాయి బండి మనిషండీ అన్నాను. అదే రాసుకున్నారు, నేను కింద సంతకం చేశాను. డయాలసిస్ అయ్యాక కళ్లు తిరిగి పడిపోతానని, రెండేళ్లు నీ తువ్వాలుతో నన్ను నీ నడుముకు కట్టుకుని ఇంటికి తెచ్చినవాడివి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాలేదు మస్తాన్. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఈ పొద్దున పలక మీది ధరలు తుడిచేశాను. మస్తాన్ సంగతి పోలీసులకు చెప్పింది నేను, కరుణాకరం కాదు అని రాసి, కింద నా పేరు పెట్టాను. మొదట చదివింది కరుణాకరమే. చాలాసేపు నిలబడి చదివాడు. ఎప్పుడూ చెయ్యి పట్టి ఎక్కించి, పైలం అక్కా అంటాడు. ఈ రోజు కూడా చెయ్యి పట్టే ఎక్కించాడు. కూర్చోండమ్మా, టైమవుతాంది అన్నాడు.