జెరం లేని సేపుపండ్లు

అత్తమ్మా,

నువ్వు పోయినవని నిరుడు పండుగ చెయ్యలే. ఈ దీపావళికి గరిజెలు చేద్దామని మూకుడు పెట్టిన. రేషన్ల నూనె దొరికింది గని, లోపల నింపే కొబ్బరి కొనే తాకత్ లేకపాయె. నాందేడ్ స్టేషన్ కాడ దెబ్బ తగిలిన కాశ్మీరు సేపుపండ్లు అగ్గువకు అమ్ముతుంటే తెచ్చి, మచ్చలు తీసేసి, బెల్లంల ఉడికిచ్చి గరిజెలల్ల నింపిన.

పండ్లు చూడంగనే నీ మనుమరాలు బెదిరింది. "అమ్మా, ఇప్పుడెవలికి జెరమచ్చింది?" అన్నది. మనింటికి సేపులు అచ్చింది నువ్వు దవాఖానల ఉన్నప్పుడే గద. చూడ అచ్చినోళ్లు తెచ్చినవి నువ్వు తినకుండ దానికోసం దిండు కింద దాస్తుంటివి.

"ఎవలికేం కాలేదు బిడ్డా, పండుగ" అన్న. మొదటి గరిజె పట్టుకొని ఉరికింది. తిన్నదనే అనుకున్న.

తెల్లారి పొద్దున మంచం దులుపుతుంటే ఆ గరిజె నీ దిండు కింద దొరికింది. దిండు గలేబుకు నూనె మరక అంటింది. ఉతుకబుద్ధి అయితలేదు.

నీ కోడలు