సంతోషికి ఇరవై ఒక్క డబ్బాలు

జనవరి 19, సోమవారం. ఉదయం 7:15

ఆడపిల్ల! మా సంతోషికి ఆడపిల్ల! శనివారమే పుట్టిందట. నాకు ఇప్పుడే ఫోన్ వచ్చింది. సంతోషి అంటే లింబాయత్‌లో ఉంటూ నా చీరలన్నిటికీ ఫాల్ కుట్టే పిల్ల. భర్త సురేశ్‌ది మరమగ్గాల మీద పని. పసిదాని బరువు రెండు కిలోల నాలుగు వందలట. సంతోషికి రక్తం ఎనిమిదే ఉందట. మాత్రలిచ్చి, బాగా తినాలని చెప్పి ఇంటికి పంపేశారట.

బాగా తినాలి. సరే. ఎవరు వండాలి?

నేను!!

7:40

తీర్మానం. రేపటి నుంచి ఇరవై ఒక్క రోజులు. రోజూ మధ్యాహ్నం సంతోషికి ఒక డబ్బా. నేనే వండి, నేనే ఆటోలో తీసుకెళ్లి, వేడి తగ్గకుండా చేతికివ్వాలి. రుచికి రుచి, బలానికి బలం.

నియమాలు:
1. వండిన వంటకం మళ్లీ వండకూడదు.
2. నూనె కొలతే, ఉప్పు కొలతే. కారం అసలే వద్దు.
3. ఒక్క రోజు కూడా మానకూడదు. వానొచ్చినా సరే. (జనవరిలో సూరత్‌లో వాన రాదు. అయినా సరే.)

8:05

హజీరా కంపెనీ బస్సు కోసం బూట్లు వేసుకుంటున్న మావారు పార్థసారథిగారికి చెప్పాను.

"ఇరవై ఒక్క రోజులా? నిరుడు యోగా ఎన్నాళ్లు చేశావోయ్?"

"నాలుగు. అది యోగా! ఇది వంట!"

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయారు. నవ్వనీ.

సాయంత్రం 6:00

కొన్నవి: మూడు గిన్నెల స్టీలు డబ్బా, దాన్ని పెట్టడానికి వేడి సంచి, వంటింటి త్రాసు, ఓట్స్, రాగిపిండి, అవిసెగింజలు. బాలింత ఆహారం మీద ఫోన్‌లో పదిహేడు వీడియోలు చూశాను. పట్టిక గీసి ఫ్రిజ్‌కి అంటించాను. మూడు రంగుల్లో! ఎంత అందంగా ఉందో!


జనవరి 20, మంగళవారం. మధ్యాహ్నం 2:30

మొదటి డబ్బా చేరింది!

పైగిన్నెలో ఓట్స్ కిచిడీ. మధ్యలో ఉడికించిన పాలకూర. అడుగున రాగి జావ. అడాజణ్‌లో మా ఇంటి నుంచి లింబాయత్‌కి ఆటోలో నలభై నిమిషాలు. డబ్బాని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పసిపిల్లని పట్టుకున్నట్టే ఉంది.

ఒక్కటే గది. సందు చివర మగ్గాల మోత. ఆ మోతలోనే పసిది హాయిగా నిద్రపోతోంది. సంతోషి గోడకానుకుని కూర్చుంది, ముఖం తెల్లగా పాలిపోయి. సురేశ్ తల్లి నర్సవ్వగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు. అరవై దాటినా నిటారుగా ఉన్న మనిషి. డబ్బా మూత తీసి వాసన చూశారు.

"గిదేందమ్మా?"

"ఓట్స్ కిచిడీ అండీ. పీచు, ఇనుము, అన్నీ ఉంటాయి."

"ఇనుముంటదా? మరి గొంతుల దిగుతదా?"

సంతోషి నవ్వు ఆపుకుంటూ, "మీరుండుండ్రి అత్తమ్మా. అక్క పాపం గంత దూరం నుంచి తెచ్చింది," అని రెండు చెంచాలు తింది. రెండు చెంచాలు! మొదటి రోజే!


జనవరి 21, బుధవారం. మధ్యాహ్నం 1:45

పెసరపప్పు, సొరకాయ. అద్భుతం. కాకపోతే ఉధ్నా దర్వాజా దగ్గర ఆటో గుంతలో పడింది. మధ్యగిన్నె మూత ఊడింది.

"బెన్, దాళ్ ఢోళాఈ గఈ!" అన్నాడు ఆటో అతను. పప్పు ఒలికిందని అతను చెప్పాలా? నా పట్టుచీర చెబుతూనే ఉంది.

మిగిలింది ఇచ్చి వచ్చాను. నిజానికి పప్పు పలచగా ఉంటేనే బాలింతకు మంచిదేమో! మూడో వీడియోలో అలాగే చెప్పినట్టు గుర్తు.


జనవరి 22, గురువారం. సాయంత్రం 4:10

యుద్ధం ప్రకటించాను.

నర్సవ్వగారు సంతోషికి నీళ్లివ్వడం లేదు! పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. అంతే.

"పచ్చి ఒంటికి నీళ్లు వడవయమ్మా. కడుపు ఉబ్బుతది."

"పాలిచ్చే తల్లికి దాహమేస్తుంది కదండీ! పాలెక్కడి నుంచి వస్తాయి?"

"నేను నలుగుర్ని కన్న. ఎక్కడినుంచొచ్చినయో నాకెరుకే."

తర్వాత ఆవిడ నా బీట్‌రూట్ ఇడ్లీ వంక చూశారు. నేను ఆవిడ పళ్లెం వంక చూశాను. అన్నం, నెయ్యి, ఎల్లిగడ్డ కారం. మూడు పూటలా అదేనట. కూర లేదు, పప్పు లేదు. ఇద్దరం మూతులు ముడుచుకున్నాం. మా మధ్య సంతోషి కళ్లు మూసుకుని పడుకుంది. అలిసిపోయి ఉంటుంది పాపం.

రేపు సోయా పులావ్! ఎవరు గెలుస్తారో చూద్దాం!


జనవరి 24, శనివారం. మధ్యాహ్నం 1:20

సోయా పులావ్ నిన్ననే ఇచ్చేశాను. అయిదో డబ్బా ఇవాళ. గోధుమ రవ్వ, క్యారెట్. సందు మొదట్లో సురేశ్ ఎదురొచ్చాడు. నా చేతిలోంచి సంచి అందుకుంటూ ముఖమంతా నవ్వు.

"మేడం, మీ డబ్బ మస్తుంటున్నది. జర ఉప్పు, కారం ఎక్కువేయుండ్రి. మా కార్ఖానల నలుగురం తింటున్నం."

నేను అక్కడే నిలబడిపోయాను.

"నువ్వు తింటున్నావా? డబ్బా?"

అతని ముఖంలో నవ్వు ఆగిపోయింది. "అంటే... సంతోషికి తినబుద్ధి అయితలేదని... వారేసుడు పాపం గదా మేడం..."

లోపలికి వెళ్లలేదు. అదే ఆటోలో వెనక్కి వచ్చేశాను.

1:50

మగ్గం కార్మికులకు కూడా పోషకాహారం అవసరమే. ఆ విధంగా చూస్తే ఇది విజయమే.

2:15

విజయం కాదు.


జనవరి 26, సోమవారం. రాత్రి 8:00

నిన్న వెళ్లలేదు. ఇవాళ వెళ్లలేదు. కారణాలు:

నిన్న: ఆదివారం. తలనొప్పి. డబ్బాకి నానపెట్టి తోమితే గాని పోని మరక పడింది.

ఇవాళ: సెలవు దినం. మావారు డుమస్ తీసుకెళ్లారు. సముద్రం ఒడ్డున నిలబడి టమాటా భజియాలు తిన్నాం. ఒక్క ప్లేటే అనుకున్నాం. మూడు తిన్నాం.

"నీ పట్టిక ఏమైందోయ్?" అని అడిగారు మావారు.

"ఇంకో భజియా తినండి," అన్నాను.

నియమం మూడులో వాన గురించే రాశాను. భజియాల గురించి రాయలేదు.


జనవరి 27, మంగళవారం. సాయంత్రం 6:30

ఎక్కడ మొదలుపెట్టను! ఎంత రోజు! తలుచుకుంటే నవ్వొస్తోంది కూడా.

ఉదయం తొమ్మిదికి నర్సవ్వగారి ఫోన్. ఆవిడే! నాకు!

"అమ్మా, జర రా. కోడలు లేవంగనే కండ్లు తిరిగి కూలవడ్డది."

ఏమీ వండలేదు, ఏమీ పట్టుకెళ్లలేదు. చెప్పులు కూడా వేరే వేరేవి వేసుకున్నానని ఆటో దిగాక చూసుకున్నాను. అప్పటికే బాలింతల్ని చూసే సిస్టర్ వచ్చి ఉంది. సంతోషి చేయి పట్టుకుని చూసింది, పసిదాన్ని తూచింది. పుట్టినప్పటి బరువు కూడా ఇంకా రాలేదు.

సిస్టర్ మా ఇద్దర్నీ హిందీలో వాయించేసింది. నీళ్లు దాహమేసినప్పుడల్లా ఇవ్వాలట. పప్పు, కూర, గుడ్డు, పెరుగు, అన్నీ పెట్టాలట. ఇనుము మాత్ర మానకూడదట. ఇంట్లో వాళ్లు తినేదే బాలింత కూడా తినొచ్చట. మళ్లీ కళ్లు తిరిగితే ఆసుపత్రికి తీసుకురావాలట. నర్సవ్వగారు నీళ్ల మాట దగ్గర తల దించుకున్నారు. లోలోపల నేను గంతులేశాను. అప్పుడు సిస్టర్ నా డబ్బాల సంగతి అడిగి తెలుసుకుని నావైపు తిరిగింది.

"ఉప్పు లేదు, నూనె లేదు, కారం లేదు. ఇది భోజనమా, శిక్షా?"

నేనూ తల దించుకున్నాను.

ఆవిడ వెళ్లాక సంతోషి ఏడ్చింది. చప్పుడు లేకుండా, పసిదాని మీద చేయి వేసి.

"మీరిద్దరు నా పళ్లెం మీద కొట్లాడుతున్నరు. పాలొస్తున్నయా అంటరు, రక్తం వెరిగిందా అంటరు. నాకేం తినబుద్ధైతుందో ఒక్కలన్న అడిగిండ్రా? నాకు ఆకలైతున్నది అక్కా. పది దినాల సంది ఆకలైతున్నది."

నర్సవ్వగారే ముందు తేరుకున్నారు. వెళ్లి పక్కన కూర్చుని, జుట్టు వెనక్కి తీశారు.

"తప్పయింది బిడ్డా. చెప్పు. ఏం గావాలె?"

సంతోషి ముక్కు తుడుచుకుంది. "పోంక్ తినాలనున్నది."

"గదేంది?"

"లేత జొన్నలు. కాల్చి, నలిపి అమ్ముతారు ఇక్కడ చలికాలంలో," అన్నాను.

నర్సవ్వగారి కళ్లు పెద్దవయ్యాయి. "ఊచబియ్యమా? గీ సూరత్‌ల ఊచబియ్యం దొరుకుతయా? నాకింతవరకు చెప్పకపోతివి!"

పక్కింటి సారక్కను సంతోషి దగ్గర కూర్చోబెట్టి మేమిద్దరం ఆటో ఎక్కాం. నర్సవ్వగారు తాపీ నది దాటడం ఇదే మొదటిసారి. వంతెన మీద కొంగు గాలికి ఎగిరిపోతుంటే పట్టుకుని, "ఇంత నీళ్లున్నయి, నేను కోడలికి రెండు గిలాసలు వోసిన," అని తన మీద తనే నవ్వుకున్నారు. నాకూ నవ్వు ఆగలేదు. ఆటో అతను అద్దంలో చూశాడు. ఇద్దరికీ మతి పోయిందనుకుని ఉంటాడు.

పోంక్ దుకాణంలో ఆవిడ గుప్పెడు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. "మా చేనుకాడ కాల్సుకొని తినేటోళ్లం," అన్నారు. మళ్లీ గుప్పెడు. మళ్లీ. రుచి చూడటానికేనట! సంతోషి కోసం కొన్నది కాకుండా మా ఇద్దరికీ వేరే పొట్లం కట్టించాల్సి వచ్చింది.

సంతోషి నిమ్మరసం పిండుకుని, సన్న కారప్పూసలాంటి సేవు కలుపుకుని, పెద్ద గిన్నెడు తింది. తర్వాత తనే అడిగి అన్నం, పప్పు పెట్టించుకుంది. నర్సవ్వగారు గ్లాసు నిండా నీళ్లు పోసి ఇచ్చారు. నా వంక చూడకుండా ఇంకోటి పోశారు.


జనవరి 28, బుధవారం. మధ్యాహ్నం 12:00

డబ్బా పంపలేదు. పోంక్ ఎక్కువ తిని కడుపు నొప్పి. నాకు. సంతోషి భేషుగ్గా ఉంది!


జనవరి 30, శుక్రవారం. సాయంత్రం 5:15

తీర్మానం పని ముగిసింది. ఒప్పుకుంటున్నాను. ఇరవై ఒకటి అన్నాను, అయిదు వండాను. ఫ్రిజ్ మీది పట్టిక చింపేశాను. మూడు రంగులూ పోయాయి.

ఒట్టి చేతులతోనే వెళ్లాను. సంగతి చెప్పి క్షమించమందామని. నర్సవ్వగారు పొయ్యి దగ్గర సోయకూర (నా సోయా కాదు, బాలింతలకు పెట్టే ఘాటైన ఆకుకూర) తరుగుతున్నారు. గది నిండా దాని వాసన.

"ఇరవై ఒక్క దినాలు చేస్తనంటివట. ఎందుకు వెట్టుకున్నవమ్మా గంత కష్టం?" అని అడిగారు. వెటకారంగా కాదు. మామూలుగా.

ఎందుకో చెప్పేశాను. ఇరవై రెండేళ్ల కిందట మా అమ్మాయి అక్షర పుట్టినప్పుడు మేం సూరత్‌కి కొత్త. అమ్మకు కామెర్లు, రాలేకపోయింది. మావారికి ప్లాంటులో షిఫ్టులు. డ్యూటీకి వెళ్తూ బిస్కెట్లు, పాలు నా పక్కన పెట్టేవారు. అంతకు మించి ఆయనకు తెలియదు. ఆకలేస్తోందని చెప్పడానికి నాకు సిగ్గు. పదిహేను రోజులు పాలల్లో బిస్కెట్లు ముంచుకుని తిన్నాను. ఆ బిస్కెట్ వాసనొస్తే ఇప్పటికీ అక్కడి నుంచి లేచిపోతాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఈ డైరీలో కూడా రాయలేదు.

నర్సవ్వగారు అంతా వింటూనే పప్పు ఉడికించి దించారు. పళ్లెం కడిగి పెట్టారు. వేడన్నం. సోయకూర పెసరపప్పు. ఎల్లిగడ్డ కారం మీద నెయ్యి. పక్కన గిన్నెలో మిరియాల చారు.

"కూసో."

"తినే వచ్చానండీ."

"తిన్నవా లేదా అని నేనడగలే. కూసో."

"అక్షరకి ఇప్పుడు ఇరవై రెండేళ్లు నర్సవ్వగారూ!"

"అయితేంది? జర ఆలస్యమైంది, గంతే. తిను బిడ్డా."

సంతోషి పిల్లకు పాలిస్తూ నన్నే చూస్తోంది. మొదటి ముద్దకు కారం నషాళానికంటింది. కళ్లు కారాయి. కారం వల్లే అన్నాను. రెండోసారి వడ్డించారు. మూడోసారి నేనే గిన్నె లాక్కున్నాను.


ఫిబ్రవరి 2, సోమవారం. ఉదయం 7:00

పసిదాని బరువు రెండు కిలోల ఐదు వందలు! పుట్టినప్పటి బరువు దాటింది! సంతోషి నడుస్తోంది, నవ్వుతోంది, నిన్న సురేశ్ మీద అరిచింది కూడా. రక్తం పరీక్ష నెలాఖరుకు. అప్పటిదాకా మాత్రలు, భోజనం, నీళ్లు.

7:10

ఇంకో కబురు! సారక్క కూతురు అనురాధకు మొన్న మగపిల్లాడు! ఇంటికి కూడా తెచ్చేశారట!

7:12

తీర్మానం. ఇరవై ఒక్క రోజులు. ఇవాళ్టి నుంచే. ఈసారి ఇంట్లో వండి మోసుకెళ్లడం లేదు. లింబాయత్‌లోనే, నర్సవ్వగారి పొయ్యి మీదే. నియమాలు రాయలేదు. అనురాధను ఏం కావాలని అడిగి మొదలుపెట్టాలి. అంతవరకే తెలుసు.

8:05

మావారు బూట్లు వేసుకుంటూ నోరు తెరిచారు. నేను చేయి అడ్డం పెట్టాను. మూసుకున్నారు.

మధ్యాహ్నం 3:00

అనురాధ చింతచిగురు పప్పు కావాలంది. జనవరి పోయిన రెండో రోజున, సూరత్‌లో, చింతచిగురు! రెండు మార్కెట్లు తిరిగాను. దొరకలేదు. గోంగూరతో సర్దుకుంది. పప్పు నేనే వండాను, కొంచెం అడుగంటింది. నర్సవ్వగారు చెంచాతో రుచి చూసి ఇంకాస్త ఉప్పు వేశారు. తర్వాత గుమ్మంలో మూగిన సందులోని ఆడవాళ్లందరికీ వినపడేలా చెప్పారు:

"గీమె నా తాన వంట నేర్సుకుంటున్నది. చెయ్యి ఇంక కుదరలే. కుదురుతది."

కుదురుతది! ఆవిడే అన్నారు! అందరి ముందూ!