మరువం వాసన ఉన్న మూడో పొట్లం

నవంబర్ 7, శుక్రవారం

ఓబులమ్మను దార్సైట్ గుడికి తీసుకెళ్లాను. ముందు సీట్లో నల్లద్దాలు లేకుండా కూచుంటే పోలీసులు చలానా రాస్తారని చెప్పాను. నా అద్దాలు పెట్టుకుని గుడి దాకా బిగుసుకుని కూచుంది. నేను నవ్వాకే అబద్ధమని తెలిసింది.

"నీ నోట్లో మన్ను పొయ్య! ఒక్క మాటన్నా నిజం చెప్పినావా ఎప్పుడన్నా?"

పూల దగ్గర ఆగింది. మల్లెదండ ఎత్తి చూసి పెట్టేసింది. "మరువం ల్యాకుండా ఏం పూలప్పా ఇవి…"

వచ్చే నెల కడపకు పోతుంది. ఇక ఈ గల్ఫ్‌కు రాదట. సార్ భార్య వాళ్ల దేశం వెళ్లిపోయాక ఆ ఇంట్లో వంటే తగ్గిపోయింది. ఆమెకు వంటగది, నాకు స్టీరింగ్ — ఇన్నాళ్లూ ఒకే గేటు.

మా లక్ష్మి చనిపోయిన ఇన్నేళ్లకు, ఒక మనిషి తిట్టు కోసం చెవులు రిక్కించుకుని తిరుగుతున్నాను. ఏం బతుకురా గంగారాం.

నవంబర్ 10

సార్ మళ్లీ ఇంట్లో బీరు కాస్తాడట. ఈసారి లేత బంగారు రంగుది, బ్లాండ్ అంటారు. గేటు బయట నోరెత్తకు అని మామూలు హెచ్చరిక. మూడు పొట్లాలు నా ముందు పెట్టి "గంగారాం, తుమ్ చునో" అని ఎంపిక నాకే వదిలేశాడు.

హాప్స్. ఏదో తీగకు పూసే పూలట. ఎండబెట్టి, పొడిచేసి, గుళికలు చేశారు. చూస్తే అచ్చం కోళ్ల దాణా. చేదుకూ వాసనకూ అవే దిక్కు.

అరచేతిలో నలిపి వాసన చూడాలి. మొదటిది బత్తాయి తొక్క. రెండోది బాత్రూం కడిగే ఫినాయిల్. మూడోది నలిపాను… మరువం. మరువమే. గుడి ముందు ఆమె వెతికింది నా అరచేతిలో.

కాసేపు పెద్ద పండితుడిలా గడ్డం గోక్కుని మూడోది చూపించాను. సార్ మెచ్చుకున్నాడు. పలచటి బీరు, దీనికి మెత్తటి హాప్సే సరి, ఇందులో ఏ తప్పూ దాగదు అన్నాడు.

నవంబర్ 11

చెయ్యి కడగలేదు. అన్నం చెంచాతో తిన్నాను. "ఏందప్పా, దొరవైపోయినావా?" అని ఓబులమ్మ.

నవంబర్ 14, శుక్రవారం

బీరు కాచే రోజు. సార్ మూడో పొట్లాన్ని రెండు గిన్నెల్లో పోశాడు — చిన్న గిన్నె పొంగు రాగానే, చేదుకు. పెద్ద గిన్నె మంట ఆర్పాక, వాసనకు. ఫోన్ వస్తే చెప్పేసి మేడెక్కాడు.

నాకు ఆకులంటే కషాయమే. మా అమ్మ అన్నీ మొదటే వేసి సగానికి మరిగించేది. ఎంత మరిగితే అంత సారం అని చేతికి అలవాటు. రెండు గిన్నెలూ ఒకేసారి బోర్లించాను.

సార్ దిగొచ్చి ఖాళీ గిన్నెలు చూశాడు. "మజాక్ కియా?" పొరపాటు చేసినా నాది వేళాకోళమే! వాసనంతా ఆవిరైపోతుంది, కుండలో చేదే మిగులుతుంది అన్నాడు.

ఆవిరైతే అయింది. ఇల్లంతా మరువం. బట్టలు మడత పెడుతున్న ఓబులమ్మ పరుగున వచ్చింది. పొయ్యి దగ్గర కళ్లు మూసుకుని నిలబడింది.

"ఎవరప్పా మరువం నలిపింది?"

అప్పుడు చెప్పాలి. నీ కోసమే ఎంచాను అనాలి. నా నోరు ఏం చేసిందంటే — "సార్ కుక్కకు షాంపూ కాస్తున్నం."

థూ.

నవంబర్ 17

ఇవాళ అన్నాను. "ఓబులమ్మా, పోకు."

ఆమె కుర్చీ మీది దిండు ఎత్తి చూసింది. తలుపు వెనక చూసింది. "ఈసారి యాడ పెట్టినావ్, బల్లా? పామా?"

రబ్బరు బల్లి. రెండేళ్ల కిందట పెట్టాను. ఇప్పటికీ అదే.

నవంబర్ 22

డ్రమ్ములో బీరు పులుస్తోంది, బుడగలు. వింటూ కూచున్నాను. వేరే పని లేదు.

నవంబర్ 29

సార్ రుచి చూపించాడు. రంగు చక్కగా ఉంది. నోట్లో పెడితే వేపచెక్క. చేదు కొంచెం కొంచెంగా తగ్గుతుంది, టైమ్ ఇవ్వు అన్నాడు. టైమ్ ఎవడి దగ్గరుంది సార్…

ఓబులమ్మ పెట్టె సర్దుతోంది. ఫ్రిజ్‌లో మిగిలిన గుళికలు కాసిని గుడ్డలో కట్టి చీరల మధ్య పెడదామనుకున్నాను. ఎయిర్‌పోర్టులో ఈ పచ్చ గుళికలు చూస్తే మత్తుమందనుకుని ఆమెను లోపలే కూచోబెడతారు. మానుకున్నాను. మొదటిసారి ఒక ఆలోచన బుర్రలోనే చచ్చింది.

డిసెంబర్ 4, గురువారం

ఎయిర్‌పోర్ట్.

"ఏందప్పా, ఈరోజు నోరు ల్యాదా?"

ట్రాలీ మీద పెట్టె పెట్టి చెప్పేశాను. "ఆట గాదు ఓబులమ్మా. నాకు ఎవ్వరు లేరు. నీకూ లేరు. నేను జగిత్యాలకు పోయేటప్పుడు నువ్వు కూడ రా. నా ఇంటికి."

ట్రాలీ పట్టుకున్న చెయ్యి ఆగింది. నా మొహంలోకి చూసింది.

"నగకుండా ఇంకోతూరి చెప్పు."

నవ్వడం లేదు. ఒట్టు. భయమేస్తే నా పెదాలు అలా సాగుతాయి, పుట్టుక నుంచీ. మళ్లీ నోరు తెరిచాను — ఇంకా సాగాయి.

తల అడ్డంగా ఊపి లోపలికి పోయింది.

డిసెంబర్ 5

ఏమీ లేదు.

డిసెంబర్ 7, ఆదివారం

బండి నడుపుతుంటే ఫోన్. వెనక సీట్లో సార్. స్పీకర్ పెట్టాను.

"ఇల్లు చేరినాను… అప్పా, ఆడ అన్నది మళ్లా అను. ఇప్పుడు నీ మొగం కనపడదు గదా. గొంతు వింటా. అబద్ధమో కాదో తెలుస్తాది."

సార్ ఉన్నాడు, మళ్లీ చేస్తాను అన్నాను.

"చేస్తావా?"

సార్‌ను ఆఫీసు దగ్గర దింపాను. గోడ నీడలో బండి ఆపాను. ఇన్నేళ్లు ఊరికే వాగిన నోరు, ఇప్పుడొక్క మాటకు తడి లేదు. అద్దం కిందికి తిప్పేశాను, నా మొహం నాకే కనపడకుండా.

నంబర్ నొక్కాను. ఈ ముక్క రాస్తుంటే అటు మోగుతోంది…