వాలుగ దవడ పాఠం

గజపతినగరం,
6 జులై 2025.

ప్రియమైన పద్మకుమారికి,

పిల్లలకు తపాలా చరిత్ర తెలియాలంటే మన రెండిళ్ల మధ్య ఫోను మానేసి ఉత్తరాలే రాసుకోవాలన్న నీ ఆలోచన మా ఇంట అమలులోకి వచ్చింది. పదమూడేళ్ల దీక్షిత్, తొమ్మిదేళ్ల రేఖ స్టాంపు అంటించడానికి పోట్లాడుకుంటున్నారు.

పిల్లలను బడి మాన్పించి ఇంట్లో చదివించడం మన ఇద్దరిలో ముందు మొదలుపెట్టినది నేనేనని నీకు గుర్తుచేయనక్కరలేదు. మా గోడల నిండా రాజవంశాల పట్టికలున్నాయి. ఉదయం ఆరింటికి తేదీలు వల్లె వేయిస్తాను. పగలు జూట్ మిల్లులో పనిచేసి, రాత్రి కళాశాలలో డిగ్రీ సాధించిన మనిషిని. క్రమశిక్షణ విలువ నాకు తెలుసు. నీవు కళాశాల చదువు రెండో ఏట మానేశావు గనుక నీ పద్ధతి వేరుగా ఉండటంలో వింత లేదు.

మొన్న మా ఆడపడుచు, "పొందూరులో మీ స్నేహితురాలు పిల్లలకి సదువు సెప్పడం సూడ్డానికి జనం వస్తన్నారట గదా వదినా!" అన్నది. అంతగా చూడవలసినది ఏమున్నదో వివరంగా రాయగలవు.

నీ మేలు కోరే,
రాజరాజేశ్వరి.

*

పొందూరు,
14 జులై.

ప్రియమైన రాజక్కా,

జనం లేదు, గినం లేదు! వచ్చేది బుల్లమ్మ ఒక్కతే. చిన్నప్పటి నుంచి నూలు వడుకుతున్న ముసలామె. ఈ నెలంతా మాకు దూదే పాఠం. ఆరేళ్ల శ్రావణి గింజలు ఏరి లెక్కపెడుతుంది. పదకొండేళ్ల దేవేంద్ర, ఇక్కడి గుడ్డ ఒకప్పుడు ఏయే ఊళ్లకు వెళ్లేదో పటం గీస్తున్నాడు. పద్నాలుగేళ్ల గౌతమి, తెల్లవాళ్ల సీమ మిల్లుల గుడ్డ దిగాక ఇక్కడి నేతగాళ్ల బతుకు ఏమైందో పుస్తకాల్లో చదివి, బుల్లమ్మను అడిగి రాస్తోంది.

ఇక్కడ దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు కదా. దాన్ని చూడగానే దేవేంద్ర ముక్కు మూసుకున్నాడు. "ఏటిరా, కంపు కొడతన్నాదా? ఈ పళ్లు నీ పళ్ల కంటే సుబ్బరంగా ఉన్నాయి, సూడు!" అంది బుల్లమ్మ. నవ్వలేక చచ్చాం. ఆ నవ్వుల్లోనే శ్రావణి దవడ లాక్కుని వేలు కోసుకుంది. కాస్త రక్తం వచ్చింది. మా ఆయనకు తెలిస్తే పాఠం ఆపించేస్తారని ఎవరికీ చెప్పలేదు. నీకొక్కదానికే రాస్తున్నాను.

పిల్లల్ని తీసుకుని నాలుగు రోజులు రాకూడదా అక్కా?

నీ
పద్మ.

*

గజపతినగరం,
4 ఆగస్టు.

ప్రియమైన పద్మకుమారికి,

నీ ఉత్తరం నేను ఒకసారి చదివాను. నా పిల్లలు నాలుగుసార్లు చదివారు.

చేతులతో చరిత్ర నేర్పడం నీ ఒక్కదానికే తెలిసిన విద్య కాదు. మూడు రోజులు కూర్చుని అట్టతో బొబ్బిలి కోట కట్టాను. బురుజు కొలతలు కూడా తప్పలేదు. దీక్షిత్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "అంతా నువ్వే కట్టేసినావు గదమ్మా, మాకింకేటి మిగిలింది? పద్మత్త ఇంటికెల్దుమా?" అన్నాడు. రేఖ అప్పటికే సంచి సర్దుకుంది. నేను పంపలేదు.

చదువు చెప్పడం వేరు, పని చేయించడం వేరు. ఆ తేడా పెద్ద చదువు చదివినవారికే తెలుస్తుందని నేను అనను. కానీ చూసేవాళ్లు ఏమనుకుంటారో నీవు ఆలోచించవలసింది.

నీ మంచికే చెప్పే,
రాజరాజేశ్వరి.

*

పొందూరు,
22 ఆగస్టు.

ప్రియమైన రాజక్కా,

ఎవరో మా మీద ఆకాశరామన్న ఉత్తరం రాశారు. విద్యాశాఖ నుంచి ఒకాయన వచ్చారు. పిల్లల్ని బడి మాన్పించి బుల్లమ్మ దగ్గర కూలికి పెట్టామట! ఉత్తరం మాకు చూపించలేదు. ఆ ఒక్క మాట మాత్రం చెప్పి, సెప్టెంబరు పన్నెండున శ్రీకాకుళంలో విచారణకు రమ్మన్నారు. ఆ రోజు ఒప్పించలేకపోతే ఇంటి చదువుకు స్వస్తి చెప్పాల్సిందే.

బుల్లమ్మ, "పిల్లల సేత కూలి సేయించినానా నేను? ఈ వయసులో ఈ మాటేటమ్మా నాకు?" అని ఏడ్చి వెళ్లిపోయింది. మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. గౌతమి సరిగ్గా తిండి తినడం లేదు.

సంజాయిషీ రాయడం నాకు చేతకాదు. నువ్వు డిగ్రీ చదివినదానివి. నువ్వే రాసిపెట్టాలి.

నీ
పద్మ.

*

గజపతినగరం,
28 ఆగస్టు.

ప్రియమైన పద్మకు,

సంజాయిషీ జతపరిచాను. మూడు ఆరోపణలకూ విడివిడిగా సమాధానాలున్నాయి. మొదటిది కూలి గురించి. రెండవది ముగ్గురు పిల్లలకూ ఒకే పాఠమేమిటన్నదాని గురించి. మూడవది చిన్నపిల్ల వేలు తెగిన సంగతి గురించి. నా భాషకు ఏ అధికారీ వంక పెట్టలేడు. నీవు సంతకం చేస్తే చాలు.

ధైర్యం చెప్పే,
రాజరాజేశ్వరి.

*

పొందూరు,
3 సెప్టెంబరు.

రాజరాజేశ్వరికి,

సంజాయిషీ చాలా బాగుంది. నేను నీకు ఒక్క ఆరోపణే రాశాను. నువ్వు మూడింటికి జవాబు చెప్పావు.

నిన్న శ్రీకాకుళం వెళ్లి, ఆ ఉత్తరం చూపించమని బతిమాలాను. చూపించారు. అక్షరాలు ఎడమచేత్తో రాసినట్టు వంకరగా ఉన్నాయి. ఆరోపణలు మూడే. నీ జవాబులున్న వరసలోనే ఉన్నాయి. శ్రావణి వేలి సంగతి పిల్లలకూ బుల్లమ్మకూ కాక నీకొక్కదానికే తెలుసు.

నన్ను ఏమన్నా పడేదాన్ని. ఆ ముసలామె నీకేం చేసింది? నీ కాగితం మీద నేను సంతకం పెట్టను.

పద్మకుమారి.

*

గజపతినగరం,
9 సెప్టెంబరు.

ప్రియమైన పద్మకు,

ఆ సంబోధనకు అర్హత పోగొట్టుకున్నానని తెలిసే వాడుతున్నాను.

ఆ ఉత్తరం రాసినది నేనే. నా పిల్లలు నీ ఉత్తరం కోసం పోస్టుమాన్‌కు ఎదురు పరుగెత్తడం చూడలేకపోయాను. రేఖ దిండు కింద నీ ఉత్తరం దొరికిన రోజున ఎడమచేత్తో కలం పట్టాను. చదువు మధ్యలో మానేసిన నీకు ఈ విద్య ఎలా వచ్చిందని లోలోపల రగిలిపోయాను. అప్పుడు నాకు నీవు ఒక్కదానివే కనిపించావు. మధ్యలో ఒక ముసలామె ఉన్నదన్న స్పృహ లేదు.

ఆదివారం నాడు పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. రేఖ ఏడ్చింది. దీక్షిత్, "మరిప్పుడేటి సేస్తావమ్మా?" అన్నాడు.

నిన్న శ్రీకాకుళం వెళ్లాను. ఆ ఉత్తరం నాదేననీ, కూలి మాట నేను కల్పించినదేననీ రాసి, పేరూ ఊరూ వేసి ఇచ్చాను. పన్నెండున అందరి ముందూ అదే చెబుతాను. అంతటితో నీ పిల్లల చదువు నిలుస్తుందని వారు మాట ఇవ్వలేదు. నీవు చెప్పిన పాఠాలు కూడా చూస్తామన్నారు. వాటి గురించి నాకు భయం లేదు.

అక్కడి నుండి పొందూరు రావడానికి నిన్న ధైర్యం చాలలేదు. పదకొండున వస్తాను. ముందు బుల్లమ్మ ఇంటికి వెళ్తాను. ఆమె తలుపు వేసుకుంటే వాకిట్లోనే నిలబడతాను. నీవు నాతో మాట్లాడనక్కరలేదు. పిల్లలు కూడా వస్తామంటున్నారు. వద్దన్నాను, వినలేదు.

నీ మీద అసూయ పోయిందని రాస్తే అది మరొక అబద్ధమవుతుంది. పోలేదు. ఈ ఉత్తరం ఎప్పుడు ముగుస్తుందా, ఎప్పుడు డబ్బాలో వేద్దామా అని పిల్లలిద్దరూ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాళ్లను చూస్తుంటే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటూనే ఉన్నది. అయినా ఇస్తున్నాను, తీసుకుపొమ్మని.

తప్పు ఒప్పుకుంటూ,
రాజరాజేశ్వరి.