పళ్లెం కనిపించినంత లోతు

జూన్ 4, మంగళవారం

పళ్లెం నాలుగున్నర దగ్గర మాయమైంది. ఆరు అని రాశాను.

జూన్ 5, బుధవారం

నిన్న ఒక్క ముక్క రాసి డైరీ మూసేశాను, ఏదో దొంగతనం చేసినదానిలా. ఇది చదివేవాళ్లెవరూ లేరు. అయినా గుట్టెందుకో నాకే తెలియదు.

సరే, ఉన్నదున్నట్టు రాస్తాను. ఇరవై రెండేళ్లుగా ప్రతి మంగళవారం పొద్దున పదకొండున్నరకి తమ్ముడి బోటెక్కి, మా సముద్ర పరిశోధన స్టేషన్‌కి ఎదురుగా నీళ్లలో లంగరేసి ఉన్న ఎర్ర డ్రమ్ము దాకా వెళ్తాను. భోజనం కంచమంత తెల్ల పళ్లెం, దానికో తాడు, తాడుకి అర మీటరుకో ముడి. నీడ పడే వైపు నుంచి దించాలి. తెలుపు కంటికి ఆననిచోట ఆగి, ముడులు లెక్కపెట్టి, రిజిస్టర్లో రాయాలి. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో తెలుస్తుంది. తర్వాత అక్కడే ఒక సీసాడు నీళ్లు పట్టుకొచ్చి, మిగతా వారమంతా మైక్రోస్కోపు కింద ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే కంటికి ఆనని జీవులు, లెక్కపెడతాను. జెట్టీ మీద అందరూ నన్ను పళ్లెం మేడమ్ అంటారు. పిలవనీ, అబద్ధమేం కాదుగా.

ఒకే మనిషి చూడాలి, ఒకే వేళకి చూడాలి, నల్లద్దాలు పెట్టుకోకూడదు. ఇది రూల్ బుక్‌లో మొదటి పేజీ. కన్ను మారితే లెక్క మారిపోతుందని. ఆ కన్నే ముసలిదైపోతే ఏం చెయ్యాలో మాత్రం ఆ పుస్తకం రాసినాయనకి తోచలేదు.

మూడేళ్ల క్రితం, ఎప్పుడూ ఏడూ ఏడున్నరా ఉండే పళ్లెం ఆరు దగ్గరే మాయమైంది. అప్పటికే నాకు వీధి దీపాల చుట్టూ సున్నాలు కనిపిస్తున్నాయి. నా కళ్లే అనుకున్నాను. కంటి కోసం అర మీటరు కలిపాను. తర్వాత మీటరు. ఇప్పుడు మీటరున్నర. ఎవర్నీ మోసం చెయ్యాలని కాదు. ఇలా రాసుకుంటే నాకే నమ్మబుద్ధి కావటం లేదు.

జూన్ 8, శనివారం

లాండ్రీ ఆవిడతో తగువు. తెల్ల దుప్పట్లు పచ్చబడి వస్తున్నాయని గట్టిగానే దులిపేశాను. ఆవిడేం తక్కువ తినలేదు. దుప్పటి నా మొహం ముందు పరిచి, ఇది పసుపైతే నా జుట్టు ఆకుపచ్చ అంది. ఇక నీకు బట్టలు వెయ్యను పో అన్నాను. ఊళ్లో ఇంకో లాండ్రీ లేదు. సోమవారం ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో.

జూన్ 11, మంగళవారం

నాలుగున్నర. ఆరు.

తమ్ముడు పొద్దున్నే వల లాగాడట. నిండా జెల్లీ చేపలే, ఆ బరువు లాగి చేతులు పడిపోయాయంట. చేపలు దోసెడు కూడా లేవు. నేను వెళ్లేసరికి వల కడుగుతూ ఉన్నాడు, పలకరిస్తే ఊ అన్నాడంతే.

తిరిగొస్తూ మాత్రం అడిగాడు, చిన్నక్కా ఈ వారం ఎంత అని. ఆరు అన్నాను. అయితే నీళ్లు బాగానే ఉన్నట్టేగా అన్నాడు. ఉన్నట్టే అన్నాను. దిగేముందు తాడు చుడుతూ, నాలో పస అయిపోయినట్టుంది చిన్నక్కా, వల ఎక్కడ వెయ్యాలో తెలియటం లేదు అన్నాడు.

వీడికి యాభై రెండు. పదిహేనేళ్లప్పుడే నీళ్ల రంగు చూసి చేపల మంద ఎక్కడుందో చెప్పేవాడు, మా నాన్న కూడా వీడి మాటే వినేవాడు. వయసు మీద పడుతోంది, ఇద్దరికీనూ అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

జూన్ 14, శుక్రవారం

స్టేషన్‌కి కొత్తగా వచ్చిన సైంటిస్టు పిల్లకి పేరున్నా, సెన్సార్ అంటేనే అందరికీ తెలుస్తుంది. ఎర్ర డ్రమ్ముకి ఒక సెన్సార్ తగిలించింది, నీళ్లలోకి వెలుతురు ఎంత లోతు దిగుతోందో అది చెప్తుంది. వచ్చే ఏడు నుంచి పళ్లేన్ని పక్కన పెట్టేస్తారట. ఈలోగా ఒక ఏడాది దాని లెక్కా నా లెక్కా కలవాలి.

కలవటం లేదు. ఒకసారి మీటరు, ఒకసారి రెండు మీటర్లు, ఎప్పుడూ అదే తక్కువ చూపిస్తోంది. పాపం రెండుసార్లు కంపెనీకి పంపించింది. ఏ లోపమూ లేదని వాళ్లు తిప్పి పంపారు. మేడమ్, మీది ఇరవై రెండేళ్ల కన్ను, అది తప్పు చూడదు, నా దాంట్లోనే ఏదో ఉంది అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. క్యాంటీన్‌కి తీసుకెళ్లి టీ ఇప్పించాను.

అది తక్కువ చూపిస్తోంది. నా కన్నూ తక్కువే చూపిస్తోంది. నా కన్ను పాడైంది కాబట్టి అదీ పాడైనట్టా? అది పాడవకపోతే? ఇక్కడిదాకా వచ్చాక ఆలోచన ముందుకి కదలదు.

జూన్ 16, ఆదివారం, సాయంత్రం 5.00

పెద్దక్క ఫోన్. పైన కొండల దగ్గర, మా నది పక్కనే మంచినీళ్ల ఫిల్టర్ హౌస్‌లో సూపర్వైజరు. దాని మాటల్లో సగం ఎప్పుడూ ఇసుక గురించే. ఇవాళ పూర్తిగా ఇసుక గురించే.

ఒకప్పుడు ఫిల్టర్ ఇసుకని వారానికోసారి కడిగేవాళ్లం, ఇప్పుడు రోజుకి మూడుసార్లు కడిగినా తేరుకోవటం లేదు అంది. రెండు ఎండాకాలాలు వరసగా అడవి కాలిపోయిందట. వాన నెలంతా పడాల్సింది ఒక పూటలో కుమ్మరించి పోతోందట. మన్ను పట్టుకోడానికి వేళ్లు లేవు. బూడిద, ఆకుల కుళ్లు, మట్టి, అన్నీ నదిలోకే. నీళ్లు డికాక్షన్‌లా ఉన్నాయి, నేను ఇంత గ్లాసుడు తేర్చి ఊరికిస్తున్నాను, మిగతా నదంతా నీ దగ్గరికే వస్తోంది కదే, నీ పళ్లెం నీకింకా ఎలా కనిపిస్తోందే అంది.

సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

జూన్ 18, మంగళవారం

నాలుగున్నరకి బెత్తెడు తక్కువ. ఆరు.

జూన్ 21, శుక్రవారం

సీసా లెక్క. గాజు డబ్బీల్లాంటి ప్లాంక్టన్ ఉంటాయి, చిన్నప్పుడు అద్దం ముక్కలతో ఆడుకున్నంత ఇష్టం నాకు వాటిని చూస్తే. వందల్లో ఉండాల్సినవి ముప్పై ఒకటి. వాటి బదులు తోకలున్న చిన్నవి, గిరగిరా తిరిగేవి, లెక్కకి నిలబడవు. గాజు డబ్బీలు సముద్రంలో గడ్డి లాంటివి. వెలుతురు తిని బతుకుతాయి. వాటిని తిని ఆవగింజంత రొయ్యపిల్లలు, వాటిని తిని చిన్న చేపలు, చివరికి తమ్ముడి వల.

వెలుతురు లోపలికి దిగకపోతే గడ్డి ఉండదు. చేపలకి కంటితో చూస్తే గానీ తిండి దొరకదు. జెల్లీకి కళ్లతో పనిలేదు, చీకట్లోనైనా తడుముకుని తింటుంది. ఇదంతా నాకు తెలుసు. కొత్తగా వచ్చే ప్రతి స్టూడెంట్‌కీ నేనే చెప్తాను. మరి ముప్పై ఒకటి ఉన్నాయంటే అర్థం ఏమిటి? కంటికి సరిగ్గా ఆనక వదిలేశానా? ఇంకోసారి లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది.

జూన్ 24, సోమవారం

కళ్ల డాక్టరు. రెండు కళ్లలోనూ శుక్లం. కంటి లోపలి అద్దం పాత సీసాలా పచ్చబడిపోయింది, అందుకే తెలుపు మీకు పసుపుగా కనిపిస్తుంది అన్నాడు. ముందు కుడికన్ను ఆపరేషన్, వచ్చే సోమవారం.

ఎంత సంతోషమేసిందో! తప్పు నాదే. సముద్రానికేం కాలేదు. పళ్లెం సంగతి చెప్పి, దానివల్ల అది కూడా ముందే మాయమవుతుందా అని అడిగాను. కావచ్చు, ఎంత అని మాత్రం నేను చెప్పలేను అన్నాడు. కావచ్చు అన్నాడుగా, చాలు. దార్లో లాండ్రీ ఆవిడకి దణ్ణం పెట్టి మరీ వచ్చాను. ఆవిడ కంగారుపడింది.

జూన్ 25, మంగళవారం

నాలుగున్నర. డాక్టరే చెప్పాక ఇంకో అర మీటరు కలిపితే తప్పేంటనిపించింది. ఆరున్నర.

తమ్ముడికి ఉత్సాహంగా చెప్పాను, నీళ్లు తేటబడుతున్నాయిరా అని. వాడు నీళ్లకేసి చాలాసేపు చూశాడు. నీ లెక్క తప్పు కాదులే అన్నాడు.

జూలై 1, సోమవారం

కుడికన్ను అయిపోయింది. కట్టు. ఎడమ కంటితో రాస్తున్నాను, గీతలు ఎటో పోతున్నాయి.

జూలై 2, మంగళవారం

ఇరవై రెండేళ్లలో మొదటిసారి పళ్లెం దించలేదు.

జూలై 4, గురువారం

దుప్పటి తెలుపు. అంత తెలుపు ఈ ఇంట్లో మూడేళ్లుగా ఉందని నాకు తెలియనే తెలియదు. మంచం మీద కూర్చుని దాన్నే చూస్తూ ఏడ్చాను. ఎడమకన్ను మూస్తే తెలుపు, కుడికన్ను మూస్తే పసుపు. ఎన్నిసార్లు మూసి తెరిచానో. చూసినవాళ్లు ఎవరికో కన్ను కొడుతున్నాననుకుంటారు.

ఇక సముద్రం ఎలా ఉంటుందో! రెండు వారాలు బోటెక్కొద్దన్నాడు డాక్టరు.

జూలై 6, శనివారం

మరదలు వచ్చింది. తమ్ముడు బోటు ఇచ్చేశాడట, ఐస్ ఫ్యాక్టరీ ఆయనకి. ఎల్లుండి నుంచి ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే డ్యూటీ అట. నాతో ఒక్క మాట అనలేదు. ఎందుకిచ్చాడే అంటే మరదలు నా వైపు వింతగా చూసింది. చిన్నక్క నీళ్లు తేటబడ్డాయని చెప్పింది, తేట నీళ్లలో కూడా నాకు చేప దొరకలేదంటే తప్పు నాది కాక ఎవరిది అన్నాడంట.

మరదలికి కాఫీ కలుపుదామని లేచి, స్టవ్ దగ్గర ఎందుకు నిలబడ్డానో మర్చిపోయాను.

జూలై 9, మంగళవారం

పళ్లెం లేదు. పళ్లేన్ని మాత్రం సబ్బుతో తోమాను.

జూలై 16, మంగళవారం, మధ్యాహ్నం 2.15

వెళ్లొచ్చాను. తమ్ముడి బోటే, నడిపింది ఐస్ ఫ్యాక్టరీ మనిషి. అప్పుడే నీలం రంగు కొట్టించారు.

ఏడు వస్తుందనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, ఏడు వస్తే నేను చేసిందంతా ఒప్పయిపోతుందని, ఏడు రావాలని మొక్కుకున్నాను కూడా. ఎడమకన్ను మూసుకుని దించాను. మొదటి ముడి, రెండోది, మూడోది. కొత్త కంటికి నీళ్లు నీలంగా కనిపిస్తాయనుకున్నానా, పాత కన్నుకంటే స్పష్టంగా మట్టి రంగు కనిపించింది. సన్నటి ఆకుల పొడి కూడా. తొమ్మిదో ముడి దగ్గర తెలుపు పోయింది.

నాలుగున్నర.

కళ్లు మార్చాను. ఎడమకన్ను, నాలుగున్నరకి బెత్తెడు తక్కువ. మళ్లీ కుడి. మళ్లీ ఎడమ. అయిదుసార్లు దించాను. ఫ్యాక్టరీ మనిషి, ఏం పోయింది మేడమ్ నీళ్లలో, వెతకమంటారా అని అడిగాడు.

నా కన్ను దుప్పటి విషయంలో మీటర్లకి మీటర్లు తప్పు. పళ్లెం విషయంలో బెత్తెడే తప్పు. రెండూ ఒకే కన్ను. నాకు అర్థం కావటం లేదు. అర్థమైంది. పెద్దక్క కడిగి వదిలేసిందంతా నా పళ్లెం మీదే ఉంది, మూడేళ్లుగా. నేను దాని మీద మీటరున్నర దుప్పటి కప్పుతూ వచ్చాను.

రిజిస్టర్లో ఏమీ రాయలేదు.

జూలై 17, బుధవారం

సెన్సార్‌కి చెప్పేశాను. ముందు అర్థం కాలేదు పిల్లకి. తర్వాత కంప్యూటర్లో నా అంకెల్లోంచి మీటరున్నర తీసేసి చూసింది. దాని గీతా నా గీతా ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. కలిశాయి మేడమ్ అని చప్పట్లు కొట్టింది. కొట్టి, నా మొహం చూసి ఆపేసింది. కాసేపటికి, రెండుసార్లు కంపెనీకి పంపాను కదా మేడమ్, అప్పుడైనా చెప్పాల్సింది అంది. మెల్లగానే అంది.

ఏ వారం ఎంత కలిపారో కావాలి, లేకపోతే మూడేళ్లూ కొట్టెయ్యాలి అన్నారట పైవాళ్లు. రిజిస్టర్లో లేదు. డైరీల్లో ఉంది, ప్రతి మంగళవారం, అసలుదీ రాసిందీ. ఎవరూ చదవరని రాసుకున్నవి. రేపు మూడు డైరీలూ జెరాక్స్ తీస్తుందట. మంగళవారాలు మాత్రమే చదువుతాను మేడమ్ అని మాటిచ్చింది. లాండ్రీ తగువు శనివారం, నయం.

జూలై 19, శుక్రవారం

ఫ్యాక్టరీ గేటుకి వెళ్లాను. తమ్ముడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఖాకీ చొక్కా భుజాల దగ్గర వదులు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి తను నిలబడ్డాడు. చెప్పాను. అర మీటరు, మీటరు, మీటరున్నర, చివర్లో రెండు. ఆరున్నర కాదురా నాలుగున్నర, మొదట్నుంచీ నువ్వు చూసిందే నిజం అన్నాను. మన్నించు అని కూడా అన్నాను.

వాడు తిట్టలేదు. అంటే నాలో పస అయిపోలేదా అని అడిగాడు. లేదురా అన్నాను. అదే అడిగాడు మళ్లీ. లారీ హారన్ కొట్టింది. వెళ్లి గేటు తీశాడు. లారీ వెళ్లిపోయాక కూడా గేటు పట్టుకుని అక్కడే ఉండిపోయాడు, ఇటు తిరగలేదు. పావుగంట చూసి వచ్చేశాను.

జూలై 21, ఆదివారం

తమ్ముడు ఫోన్ ఎత్తటం లేదు. పెద్దక్క ఎత్తింది. అంతా విని, ఇక్కడ మళ్లీ కురుస్తోందే అంది.

జూలై 23, మంగళవారం

తమ్ముడు గేటుకి సెలవు పెట్టి వచ్చాడు. తాడు వాడే దించాడు.

వాడి కన్ను, నాలుగు. నా కన్ను, నాలుగు.

నాలుగు అనే రాశాను.